అబ్బాయి నోట రాని మాట



ఈవేళ మీతో రెండు మూడు నవలల గురించి ముచ్చటించాలని వచ్చాను. నవలలంటే మనకు కొత్తేమీ కాదు. మధ్యాహ్నం వంటిల్లు సర్దుకుని, గిన్నెలు బోర్లించి, పిల్లలు బడినుంచి వచ్చేలోగా దొరికే ఆ గంటన్నరలో వారపత్రికల సీరియళ్లు చదువుతూ పెరిగినవాళ్లం మనం. ఆ సీరియళ్లలో ప్రేమలున్నాయి, అపార్థాలున్నాయి, మేనత్త పెట్టే ఆరళ్లున్నాయి. చివరకు పెళ్లి ఉంటుంది. నేను చెప్పబోయే నవలల్లోనూ ఇవన్నీ ఉన్నాయి. ఒక్కటే తేడా. ఇందులో కథానాయకుడు పదమూడు పద్నాలుగేళ్ల కుర్రవాడు. అతని మనసు పోయేది అమ్మాయి మీదకు కాదు, తనలాంటి మరో అబ్బాయి మీదకు. ఇంగ్లీషులో ఇలాంటివారిని గే అంటారు. తెలుగు పత్రికలవారు స్వలింగ ప్రేమికులని రాస్తున్నారు. పదం ఏదైతేనేం, ఆ పిల్లవాడు పెద్దవాడయ్యే కథ ఇది.

"ఇదేమిటమ్మా, ఆడవాళ్ల కార్యక్రమంలో చెప్పుకోవడానికి ఇంకేమీ దొరకలేదా?" అని మీలో కొందరు అనుకుంటూ ఉండవచ్చు. ఆవకాయ గురించీ, పిల్లల దగ్గు గురించీ చెప్పేవారు చాలామంది ఉన్నారు. ఈ కథలు మన కార్యక్రమంలోనే చెప్పుకోవలసినవని నేను గట్టిగా అనుకుంటున్నాను. ఎందుకంటే, ఈ నవలల్లో పిల్లవాడి తరువాత ముఖ్యమైన పాత్ర, అతడిని పెంచే ఆడమనిషి. చాలా మటుకు కథ వంటింట్లో, పడకగదిలో, అద్దం ముందర జరుగుతుంది.

మేము ఉండేది బహదూర్‌పురాలో. పాతబస్తీ అంటే అందరికీ చార్మినారూ, గాజులూ గుర్తుకొస్తాయి. మా వైపు వస్తే జూపార్కు. 1963లో అది తెరిచిన నాటినుంచీ మా ప్రాంతానికి అదే ఆనవాలు. బస్సు కండక్టరు కూడా బహదూర్‌పురా అనడం మానేసి "జూపార్క్, జూపార్క్" అనే అరుస్తాడు. సెలవుల్లో చుట్టాల పిల్లలందరూ మా ఇంట్లోనే దిగుతారు. పులినీ ఏనుగునీ చూసి వచ్చి, సాయంత్రం మేడమీద ఆటలు మొదలుపెడతారు. ఆ ఆటల్లో పెళ్లాట తప్పనిసరి. ఒకరు పెళ్లికూతురు, ఒకరు పెళ్లికొడుకు, ఒకరు పురోహితుడు. మా గల్లీలో ముస్లిం పిల్లలు కూడా చేరితే ఒక్కొక్కసారి పురోహితుడూ ఖాజీ ఇద్దరూ ఉంటారు. మీ ఇంట్లోనూ ఈ ఆట జరిగే ఉంటుంది.

ఇప్పుడు మొదటి నవల సంగతి చెబుతాను. దాని పేరు 'ఫన్నీ బాయ్'. రాసినవారు శ్యామ్ సెల్వదురై. కొలంబోలో 1965లో పుట్టారు. తండ్రి తమిళుడు, తల్లి సింహళ స్త్రీ. 1983లో శ్రీలంకలో తమిళుల మీద జరిగిన ఘోరమైన అల్లర్ల తరువాత వారి కుటుంబం కెనడాకు వెళ్లిపోయింది. ఈ నవల 1994లో వచ్చింది. దీపా మెహతా 2020లో దీనిని సినిమాగా తీశారు. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పరిచే పాత పుస్తకాల్లో నాకు ఇది దొరికింది.

నవల మొదట్లోనే పెళ్లాట ఉంది. ఆర్జీ అనే ఏడేళ్ల పిల్లవాడు. ప్రతి నెలా ఒక ఆదివారం పిల్లలందరినీ తాతగారింట్లో వదిలి పెద్దవాళ్లు హాయిగా తమ పనులు చూసుకుంటారు. మగపిల్లలు ఎండలో క్రికెట్ ఆడుతుంటే, ఆర్జీ పెరట్లో ఆడపిల్లలతో చేరి పెళ్లాట ఆడతాడు. ఎప్పుడూ పెళ్లికూతురు అతనే. పాత తెల్ల చీర చుట్టుకుని, తల మీద మేలిముసుగు వేసుకుని, పూలు పెట్టుకుని తయారవుతుంటే ఆ పిల్లవాడికి కలిగే ఆనందాన్ని రచయిత ఎంత బాగా రాశారో చెప్పలేను. అందరికంటే బాగా ఆట నడిపేది అతనే గనుక ఆడపిల్లలకూ అభ్యంతరం లేదు. పరదేశంనుంచి కొత్తగా వచ్చిన ఒక పిల్ల మాత్రం పెళ్లికూతురు వేషం తనకే కావాలని పేచీ పెడుతుంది. గొడవ పెద్దవాళ్లదాకా పోతుంది. ఆ పిల్ల తల్లి చీరకట్టులో ఉన్న కుర్రవాణ్ణి చెయ్యి పట్టి ఈడ్చుకుంటూ, పెద్దలందరూ కూర్చున్న హాల్లోకి తీసుకుపోయి నిలబెడుతుంది. చుట్టాలందరూ నవ్వుతారు. తండ్రి తల దించుకుంటాడు. ఆ రాత్రి భార్యతో, ఈ పిల్లవాడు రేపు లోకంలో నవ్వులపాలైతే తప్పు నీదేనని అంటాడు.

ఇక్కడ మనం కొంచెం ఆగాలి. పిల్లవాడు ఏం చేసినా తప్పు తల్లిదే అనే మాట మనకు చిరపరిచితం. కొలంబో అయినా, కొత్తపేట అయినా అదే.

ఆ తరువాత జరిగేది నాకు ఇంకా మనసులో మెదులుతూ ఉంటుంది. అంతకుముందు ఆ తల్లి ఏదైనా పెళ్లికి ముస్తాబవుతుంటే, ఆర్జీ మంచం మీద కూర్చుని ఆవిడ చీర కుచ్చెళ్లు పోసుకోవడం, నగలు పెట్టుకోవడం చూస్తూ ఉండేవాడు. అదొక పండుగ వాడికి. నవ్వులపాలైన తరువాత ఆవిడ గది తలుపు మూసేస్తుంది. పిల్లవాడు బయట నిలబడతాడు. ఇకనుంచి మగపిల్లలతో క్రికెట్టే ఆడాలంటుంది. ఎందుకమ్మా అని వాడు అడిగితే ఆవిడ దగ్గర జవాబు లేదు. పిల్లల నోరు మూయించడానికి మనం కూడా వాడే రకం అర్థంలేని మాట ఒకటి అనేసి తప్పుకుంటుంది. ఆవిడ చెడ్డది కాదు. కొడుకంటే ప్రాణం. తను చేస్తున్నది సబబు కాదని ఆవిడకూ లోపల తెలుసు. భర్తకూ చుట్టాలకూ భయపడి తలుపు మూసింది. పిల్లవాడికి మాత్రం, తన సంగతి ఏదో అమ్మకు కూడా చూపకూడనిది ఉందని ఆ క్షణంలో తెలిసిపోతుంది. ఆ సంగతి పేరేమిటో వాడికి ఇంకా తెలియదు. పేరు తెలియకముందే దాచడం నేర్చుకుంటాడు.

ఈ కథ నేను మా పక్కింటి పెద్దమ్మకు చెప్పాను. ఆవిడకు డెబ్భై దాటాయి. చదువు లేదు కాని కథలంటే చెవి కోసుకుంటుంది. బియ్యం ఏరుతూ అంతా విని, "పోరడు ఏం జేసిండని? చీరె గట్టిండు, గంతే గద" అంది. కాసేపాగి తనే మళ్లీ అంది, "మా చిన్నాయన ఒకాయన ఉండె. పెండ్లి జేస్కోలె. ఒక దోస్తు ఉండె ఆయనకు. ఇద్దరు కల్సి పొలం జేసిండ్రు, కల్సి ముసలోళ్లయిండ్రు. దోస్తు సచ్చినంక మా చిన్నాయన యాడాది గూడ బత్కలె. ఎవ్వరం ఏం అడగలె." అంత వరకే చెప్పి మళ్లీ బియ్యంలో పడింది. ఇవన్నీ ఈ మధ్య పుట్టుకొచ్చిన పట్నం పోకడలని, విదేశాల నుంచి దిగుమతి అయ్యాయని అనేవాళ్లు మన ఇళ్లలో పెద్దవాళ్లను ఒకసారి నెమ్మదిగా కదిపి చూడాలి.

మన హైదరాబాదుకే చెందిన నవల కూడా ఒకటుంది. దాని పేరు 'మై మ్యాజికల్ ప్యాలెస్'. కునాల్ ముఖర్జీ ఇంగ్లీషులో రాయగా 2012లో అచ్చయింది. రాహుల్ అనే యువకుడు అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కోలో మంచి ఉద్యోగంలో ఉంటాడు. ఆండ్రూ అనే అతనితో కలిసి జీవిస్తూ ఉంటాడు. ఇండియాలో అమ్మానాన్నలకు ఈ సంగతి తెలియదు. వాళ్లు సంబంధాలు చూస్తూ ఉంటారు. ఇంట్లోవాళ్లకు నిజం చెబుతావా, లేదా అని ఆండ్రూ నిలదీస్తాడు. అప్పుడు రాహుల్ తన చిన్నతనం గురించి చెప్పుకొస్తాడు. 1970ల తొలి సంవత్సరాల హైదరాబాదులో, నిజాము కాలపు పాత మహలులో గడిచిన బాల్యం అది. ఊళ్లో మనం ఎరిగిన గాలీ వెలుతురూ ఉన్న పుస్తకం కావడం వల్ల నాకు దానిమీద ప్రత్యేకమైన మమకారం. అంతకంటే ముఖ్యం, అందులో సమస్య పెళ్లి సంబంధం దగ్గర మొదలు కావడం. మన ఇళ్లలో ఈ విషయం బయటపడేది నూటికి తొంభైపాళ్లు అక్కడే.

దాని గురించి కొంచెం విడమరచి చెబుతాను. పేర్లు వద్దు. మా బస్తీలో ఒక అమ్మాయికి పెళ్లయింది. మంచి సంబంధం, కుర్రవాడికి తాగుడు లేదు, సిగరెట్టు లేదు, అత్తగారు నెమ్మదస్తురాలు. మూడేళ్లయినా పిల్లలు లేరు. అమ్మాయిని కర్మన్‌ఘాట్ ఆంజనేయస్వామి గుడికి తిప్పారు. జహంగీర్ పీర్ దర్గాకు తీసుకువెళ్లారు. డాక్టర్లకు చూపించి పరీక్షలన్నీ చేయించారు. ఆ పిల్లలో లోపం ఉంటే కదా! చివరకు "మొగుణ్ణి కొంగున కట్టుకోవడం చేతకాని మొద్దు" అని సొంత మేనత్తే అంది. ఆ అమ్మాయి అద్దం ముందు నిలబడి తనలో ఏం బాగాలేదో వెతుక్కునేదట. ఒకరోజు భర్తే ఆమె దగ్గర కూర్చుని, తప్పు నీది కాదు, నాకు ఆడవాళ్ల మీద ఎన్నడూ మనసు కలగలేదు అని చెప్పి ఏడ్చాడు. ఇద్దరూ విడిపోయారు. తరువాత తెలిసినదేమిటంటే, పద్దెనిమిదేళ్లప్పుడే ఆ అబ్బాయి తల్లితో "నాకు పెళ్లి వద్దమ్మా, నేను వేరే రకం" అన్నాడు. ఆవిడ నవ్వి, "మగపిల్లలందరూ మొదట ఇలాగే అంటారు. పెళ్లయితే అన్నీ సర్దుకుంటాయి" అంది.

పెళ్లయితే సర్దుకుంటుంది! ఈ మాట మనం ఎన్ని రకాల రోగాలకు మందుగా వాడుతున్నామో చూడండి. తాగుడుకు పెళ్లి, సోమరితనానికి పెళ్లి, పిచ్చికి పెళ్లి. ఆ మందు ఖరీదు ఎవరో ఒకరి కూతురు. కొడుకులున్న తల్లులే ఈ సంగతి పట్టించుకోవాలని కాదు నేను చెప్పేది. కూతుళ్లున్న తల్లులు మరీ ఎక్కువ పట్టించుకోవాలి. ఒక అబ్బాయి తన ఇంట్లో నిజం చెప్పుకోలేకపోతే, ఆ అబద్ధం బరువు మోయడానికి మన అమ్మాయి కావలసివస్తుంది. ఆ కుర్రవాణ్ణి మోసగాడని తిట్టడం తేలిక. పద్దెనిమిదేళ్లకు చెప్పిన మాటను ఎవరూ చెవిన పెట్టలేదే!

ఇంతకీ ఇది జబ్బా అని అడుగుతారు. కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990 మే 17న దీన్ని జబ్బుల జాబితానుంచి తీసేసింది. మన దేశపు మానసిక వైద్యుల సంఘం కూడా 2018లో ఇది వ్యాధి కాదని స్పష్టంగా ప్రకటించింది. కాబట్టి దీనికి మందు లేదు, అవసరమూ లేదు. ఎవరైనా ఇంజక్షన్లతోనో, కరెంటు షాకులతోనో, మంత్రాలతోనో మారుస్తామంటే నమ్మకండి. అలాంటి వైద్యం చేయడం డాక్టరు వృత్తికి తగని నడవడి అని జాతీయ వైద్య కమిషన్ 2022లో తేల్చి చెప్పింది. పెంపకం వల్ల వస్తుందా? తల్లి ఎక్కువ గారాబం చేస్తే వస్తుందా? రాదు. ఆర్జీ తండ్రి భార్యమీద వేసిన నింద ఉత్తదే. ఇంకొకటి కూడా చెప్పాలి. చిన్నప్పుడు చీర చుట్టుకుని ఆడిన ప్రతి పిల్లవాడూ ఇలాగే అవుతాడని లేదు. క్రికెట్ ఆడి, మీసం మెలేసి, బరువులెత్తే కుర్రవాడికీ ఈ మనసు ఉండవచ్చు. ఆటపాటలను బట్టి జాతకం చెప్పడానికి వీల్లేదు. పెద్దవాడెవడైనా పిల్లల మీద చెయ్యి వేయడం దీనికి సంబంధించినది కానే కాదు, అది నేరం. పద్దెనిమిదేళ్ల లోపు ఆడపిల్లలకైనా మగపిల్లలకైనా 2012లో వచ్చిన పోక్సో చట్టం రక్షణ ఇస్తుంది. ఈ రెంటినీ కలిపి కంగారు పడవద్దు.

పాతబస్తీలో ఉండే మనకు ఇంకో గందరగోళం కూడా ఉంటుంది. హిజ్రాలూ వీరూ ఒకటేనా అని. కాదు. పుట్టుకతో మగవాడని రాసినా, తాను ఆడదాన్నని లోపలినుంచి ఎరిగినవారి సంగతి వేరు. నేను చెబుతున్న కుర్రవాడు తాను మగవాడిననే అనుకుంటాడు, మగవాడిగానే ఉంటాడు. ప్రేమ కలిగేది మాత్రం మగవాడి మీద. హిజ్రాల కోసం నిజాం కాలంలో ఒక చట్టం తెచ్చి, వారి పేర్లు పోలీసు రిజిస్టర్లలో రాయించేవారు. తెలంగాణ హైకోర్టు 2023లో దాన్ని కొట్టివేసింది. అది మరొక రోజు తీరుబడిగా చెప్పుకోవలసిన కథ.

చట్టం మాట కూడా క్లుప్తంగా చెబుతాను, ఇంట్లో మగవాళ్లు మొదట అడిగేది అదే గనుక. ఇంగ్లీషువాళ్లు 1860లో చేసిన శిక్షాస్మృతిలో 377వ సెక్షన్ అని ఒకటుండేది. దాని ప్రకారం ఇద్దరు మగవాళ్ల సాంగత్యం నేరం. ఢిల్లీ హైకోర్టు 2009లో, ఇష్టపడిన పెద్దల విషయంలో అది చెల్లదంది. సుప్రీంకోర్టు 2013లో మళ్లీ చెల్లుతుందంది. చివరకు 2018 సెప్టెంబరు 6న ఐదుగురు న్యాయమూర్తులు ఏకకంఠంతో, ఇష్టపడిన పెద్దల మధ్య అది నేరం కాదని తీర్పు చెప్పారు. ఆ ఐదుగురిలో ఒకరు స్త్రీ, జస్టిస్ ఇందు మల్హోత్రా. ఇన్నేళ్లు వీరినీ వీరి కుటుంబాలనూ పెట్టిన బాధకు చరిత్ర క్షమాపణ చెప్పుకోవాలి అన్న అర్థం వచ్చేలా రాసింది ఆవిడే. వీరి కుటుంబాలను కూడా ఆవిడ తలుచుకోవడం నాకు ఎంతో నచ్చింది. 2024లో వచ్చిన కొత్త శిక్షాస్మృతిలో ఆ సెక్షనే లేదు. అయితే పెళ్లి సంగతి వేరు. మన హైదరాబాదువారే అయిన సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్ అనే ఇద్దరు 2021 డిసెంబరులో పెద్దలూ స్నేహితుల సమక్షంలో వేడుక చేసుకుని, చట్టం కూడా తమ పెళ్లిని గుర్తించాలని సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2023 అక్టోబరు 17న కోర్టు ఆ హక్కు ఇవ్వలేదు. కలిసి ఉండడం నేరం కాదు, పెళ్లికి మాత్రం చట్టం ఒప్పుకోదు. ఇంతవరకూ వచ్చింది వ్యవహారం.

కోర్టులు వదిలి మన హాల్లోకి వద్దాం. టీవీలో సినిమా వస్తూ ఉంటుంది. అందులో ఒక హాస్యపాత్ర నడుము తిప్పుతూ, చేతులు ఊపుతూ, హీరో మీద పడబోతాడు. హీరో "తేడాగాడు" అంటాడు. ఇంటిల్లిపాదీ పకపకా నవ్వుతారు. ఆ నవ్వేవాళ్ల మధ్య పదో తరగతి చదివే మన అబ్బాయి కూడా ఉంటాడు. వాడూ నవ్వుతాడు. అందరికంటే కొంచెం గట్టిగానే నవ్వుతాడు. ఎందుకు గట్టిగా నవ్వుతున్నాడో మనకు తెలియదు. ఇలాంటి నవలలు చదివితే తెలుస్తుంది. ఆ వయసు పిల్లవాడు ఇంట్లో ఎవరు ఏ మాట అన్నారో లెక్క కట్టుకుంటూ ఉంటాడు. పిన్ని ఇలా అంది, బాబాయి అలా అన్నాడు, అమ్మ నవ్వింది, నాన్న చానలు మార్చాడు. కాబట్టి నేను ఈ మాట చెప్పకూడదు అని కూడిక వేసుకుంటాడు. మనం వాడిని ఉద్దేశించి ఒక్క మాట కూడా అనలేదు. అన్నది సినిమాలో వాడిని, లేదా వీధి చివర కుట్టుమిషను పెట్టుకున్న అతన్ని. వాడికి అది చాలు.

ఆడంగి, పేడి, తేడా. పెద్దగా ఆలోచించకుండానే వచ్చేస్తాయి మన నోట ఈ మాటలు. తోటికోడలి కొడుకు పాట నేర్చుకుంటానంటే "వాడు ఆడపిల్లై పుట్టవలసింది" అంటాం. ముద్దుకే అంటాం, నిజమే.

ఇదే రచయిత 2005లో అచ్చంగా ఈ వయసు పిల్లలకోసమే మరో నవల రాశారు. 'స్విమ్మింగ్ ఇన్ ది మాన్‌సూన్ సీ' దాని పేరు. 1980లో కొలంబో. అమృత్ అనే పద్నాలుగేళ్ల కుర్రవాడు. తల్లిదండ్రులు లేరు. తల్లి స్నేహితురాలే తెచ్చి తన ఇద్దరు కూతుళ్లతో సమానంగా పెంచుకుంటూ ఉంటుంది. ఏ లోటూ లేదు. అయినా వాడు చనిపోయిన తల్లి గురించి ఎవరినీ మాట్లాడనివ్వడు. ఆ వేసవి సెలవుల్లో కెనడానుంచి మేనమామ కొడుకు వస్తాడు. అలాంటి బంధువు ఒకడున్నాడని కూడా అప్పటిదాకా అమృత్‌కు తెలియదు. ఇద్దరికీ జత కుదురుతుంది. కొద్దిరోజులకే అది స్నేహాన్ని మించినదని అమృత్‌కు తెలుస్తుంది. ఆ వచ్చిన కుర్రవాడేమో ఇంట్లో ఆడపిల్లతో సరదాగా ఉంటాడు. అక్కడ మొదలవుతుంది అసూయ. స్కూల్లో వేస్తున్న నాటకం కూడా షేక్‌స్పియర్ ఒథెల్లోయే, అసూయ కథే. ఎంత తెలివిగా అల్లారో! ఈ పుస్తకంలో నాకు నచ్చినది, ఇందులో అశ్లీలమన్న మాటే లేదు. మీ చేత్తో మీ అబ్బాయికి ఇవ్వవచ్చు. తొలిసారి మనసు పడడం, ఎదుటివారికి అది పట్టకపోవడం, రాత్రి నిద్ర పట్టకపోవడం, ఇవన్నీ మనమూ ఎరిగినవే కదా. మన పద్నాలుగో ఏట మనం పడ్డ అవస్థే. మనకు కనీసం స్నేహితురాలి చెవిలో చెప్పుకునే వీలుండేది.

ఆడపిల్లల మాట మరిచిపోయానని అనుకోకండి. హిమాంజలి శంకర్ 2014లో రాసిన 'టాకింగ్ ఆఫ్ ముస్కాన్' అనే నవలలో ముస్కాన్ అనే స్కూలు పిల్లకు తోటి అమ్మాయిల మీద మనసు. కథ మొదలయ్యేది ఆ పిల్ల ప్రాణం తీసుకోబోయిన రోజున. ఆపైన స్నేహితులు తలా కాస్తా చెప్పుకొస్తూ ఉంటే, ఆ పిల్లను అక్కడిదాకా నెట్టినది ఏమిటో మనకు తెలుస్తుంది. ఘోరమైన పని చేసినవాళ్లు ఎవరూ కనిపించరు. ఒకరు దూరం జరిగారు, ఒకరు గుసగుసలాడారు, ఒకరు ఊరుకున్నారు. ఆ పిల్లకు అది చాలింది. పుస్తకం ఆరిందాతనం లేకుండా, పిల్లల భాషలోనే సాగుతుంది.

ఇంగ్లీషు చదవడం అలవాటు లేనివారికి, కన్నడ రచయిత వసుధేంద్ర 'మోహనస్వామి' కథలున్నాయి. అవి తెలుగులోకి కూడా వచ్చాయి. అవి పెద్దల కథలు, పిల్లలకు కాదు, మనకోసం. బళ్లారి ప్రాంతపు చిన్న ఊళ్లో పుట్టి పెరిగినవారు గనుక, ఆ ఇళ్లూ ఆ మాటలూ మనవాటిలాగే ఉంటాయి.

సరే, నిజంగానే ఒకరోజు మన అబ్బాయి వచ్చి చెప్పాడనుకుందాం. అనుకోవడానికే గుండె గుభేలుమంటుంది, నాకు తెలుసు. నలుగురూ ఏమంటారు, వాళ్ల నాన్నకు ఎలా చెప్పాలి, వంశం ఏమవుతుంది, ఇవన్నీ ఒక్కసారిగా మీద పడతాయి. ఏడుపు వస్తే ఏడవండి. కాని ఆ రోజు మూడు మాటలు మాత్రం నోటినుంచి రానివ్వకండి. "నేనేం పాపం చేశానురా" అనవద్దు. "ఎవరు నేర్పారు నీకిది" అనవద్దు. "నీకు పెళ్లి చేసేస్తాను" అని అసలే అనవద్దు. అన్నం తిన్నావా అని అడగండి. మన ఇళ్లలో ఆ ప్రశ్నకు ఎంత అర్థముందో పిల్లలందరికీ తెలుసు. వాడు ఇన్నేళ్లు లోపల పెట్టుకున్నది మీరు ఒక్క రాత్రిలో జీర్ణించుకోనక్కరలేదు. నాకు కొంచెం వ్యవధి ఇవ్వు నాయనా, నువ్వు మాత్రం ఎక్కడికీ పోకు, అనండి. వాడు చెప్పమనేదాకా ఎవరికీ చెప్పకండి. ఆఖరికి మీ అక్కయ్యగారికైనా సరే. అది వాడి మాట, ఎప్పుడు ఎవరికి చెప్పాలో వాడిష్టం.

వాడు ఏమీ చెప్పకుండా రోజుల తరబడి గది తలుపు వేసుకుని ఉంటున్నా, తిండి మానేసినా, బ్రతకాలని లేదన్నట్టు మాట్లాడినా ఆలస్యం చేయకండి. కేంద్ర ప్రభుత్వంవారి టెలీ మానస్ అనే సహాయకేంద్రం 2022 అక్టోబరునుంచి నడుస్తోంది. నంబరు 14416. రాత్రీ పగలూ పలుకుతారు, డబ్బు తీసుకోరు, తెలుగులోనూ మాట్లాడవచ్చు. చిన్నపిల్లలకైతే 1098 ఉండనే ఉంది. ఈ రెండు నంబర్లూ ఫ్రిజ్ మీద గ్యాస్ బుకింగ్ నంబరు పక్కనే రాసి పెట్టుకోండి. మీకు అక్కర లేకపోయినా, ఇంటికి వచ్చే పిల్లల్లో ఎవరి కంటైనా పడవచ్చు.

పుస్తకాల సంగతి ఒక్క మాట. నేను 'ఫన్నీ బాయ్' చదవడం పూర్తయ్యాక బీరువాలో దాచలేదు. హాల్లో పత్రికలతోపాటు బల్ల మీదే పెట్టాను. సెలవులకు వచ్చిన చుట్టాల పిల్లల్లో ఒకరు తీసుకుని రెండు రోజులు చదివి, మళ్లీ అదే చోట పెట్టారు. ఎవరని నేను అడగలేదు, వాళ్లూ చెప్పలేదు. ఆబిడ్స్ వెళ్లినప్పుడు రెండోది కూడా దొరికితే తెచ్చి పెడదామనుకుంటున్నాను. నాకిచ్చిన వ్యవధి అయిపోయింది. సెలవు.